మెంటర్ దగ్గర సంతకం పెట్టి వచ్చేయకు: కాలేజీలో సలహా ఎలా అడగాలి

సెమిస్టర్‌కి ఒకసారో రెండుసార్లో మెంటర్, అంటే నీ బ్యాచ్‌ని చూసుకునే లెక్చరర్, నిన్ను పిలుస్తారు. బ్యాచ్‌లో ఇరవై మంది వరసగా నిలబడతారు, రిజిస్టర్‌లో నీ పేజీ తీస్తారు, అందులో అటెండెన్స్ శాతం, మిడ్ (సెమిస్టర్ మధ్యలో కాలేజీ పెట్టే పరీక్ష) మార్కులు, నాన్న ఫోన్ నంబర్ రాసి ఉంటాయి, కింద నువ్వు సంతకం పెడతావు, పది నిమిషాల్లో అందరూ బయటికి వచ్చేస్తారు. చాలామందికి మెంటర్ అంటే అంతే. శ్రీకాకుళం వైపు ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతూ నేనూ ఏళ్ల తరబడి ఆ సంతకాలు పెట్టించాను. ఆ టేబుల్ అవతల కూర్చున్న మనిషికి నీకు పనికొచ్చే సంగతులు చాలా తెలుసు. కానీ నువ్వు నోరు తెరిచి అడగకపోతే, ఇరవై మందిలో నీకేం కావాలో ఆయనకి తెలియదు.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, పాలకొండ వైపు నుంచి వచ్చి చదువుకున్న ఒక అమ్మాయి ఉండేది. ఫైనలియర్ అయిపోయింది, పీజీ ఎంట్రన్స్‌లో మంచి ర్యాంకు వచ్చింది, కౌన్సెలింగ్‌కి సర్టిఫికెట్లు సర్దుకుంటుంటే రెండో సెమిస్టర్‌లో రెండు క్రెడిట్ల (క్రెడిట్ అంటే పేపర్‌కి ఇచ్చే లెక్క, పాసైతేనే పడుతుంది) చిన్న పేపర్ ఒకటి ఉండిపోయిందని అప్పుడు బయటపడింది. మిగతా అన్నిట్లో మంచి గ్రేడ్లే. ఆ ఒక్క పేపర్‌కి సప్లీ, అంటే ఫెయిలైనవాళ్లకి మళ్లీ పెట్టే పరీక్ష, వచ్చి, రాసి, రిజల్ట్ వచ్చేదాకా ప్రొవిజనల్ సర్టిఫికెట్ రాలేదు, ఆ ఏడాది సీటు పోయింది. రిజిస్టర్‌లో ఆ అమ్మాయి పేజీ తీసి చూస్తే ఆరు సంతకాలు ఉన్నాయి, పక్కనే నావీ ఆరు ఉన్నాయి. తను చెప్పలేదు, నేను అడగలేదు. అప్పటి నుంచి నా బ్యాచ్ పిల్లలకి కింద రాసిన పద్ధతే చెబుతున్నాను.

మొదటి పని: ఏ మాట ఎవరిని అడగాలో తెలుసుకో

మన కాలేజీల్లో పిల్లలు సగం టైమ్ పోగొట్టుకునేది ఇక్కడే. ఆఫీసులో అడగాల్సింది లెక్చరర్‌ని అడుగుతారు, లెక్చరర్‌ని అడగాల్సింది అటెండర్‌ని అడుగుతారు. సబ్జెక్టులు, అటెండెన్స్, బ్యాక్‌లాగ్‌లు, తర్వాత ఏం చదవాలి, ఇంట్లో ఇబ్బంది, ఇవన్నీ మెంటర్‌తో మాట్లాడాల్సినవి. పరీక్ష ఫీజు, హాల్ టికెట్, మెమోలో తప్పులు, రీవాల్యుయేషన్ ఎగ్జామ్ సెక్షన్‌లో. ఫీజు రీయింబర్స్‌మెంట్, స్కాలర్‌షిప్, బస్ పాస్ కోసం స్టడీ సర్టిఫికెట్ ఆఫీసులో. నీ మెంటర్ ఎవరో తెలియకపోతే డిపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు చూడు, అక్కడ లేకపోతే హెచ్ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) గదిలో అడుగు. మూడో సెమ్‌లో ఉండి మెంటర్ పేరు తెలియకపోయినా సిగ్గుపడాల్సిన పని లేదు, ఈ రోజు తెలుసుకుంటే చాలు.

రెండో పని: నీ రెగ్యులేషన్ నువ్వే చదువు

రెగ్యులేషన్ అంటే నీ కోర్సు రూల్స్ పుస్తకం. ఇది కాస్త ఓపికగా చదవాలి, కానీ ఇది చేసినవాడు స్టాఫ్ రూమ్‌లో అడిగే ప్రశ్నే వేరుగా ఉంటుంది. ముందు నీ పరీక్షలు ఎవరి కిందవో చూసుకో. శ్రీకాకుళం జిల్లాలో డిగ్రీ కాలేజీలకి ఎచ్చెర్లలోని అంబేద్కర్ యూనివర్సిటీ, ఇంజినీరింగ్ అయితే 2022లో ఏర్పడిన విజయనగరం జేఎన్టీయూ గురజాడ, అంతకుముందు కాకినాడ జేఎన్టీయూ ఉండేది. అటానమస్ కాలేజీ అయితే సిలబస్, పరీక్షలు, కొన్ని రూల్స్ కాలేజీవే. విజయనగరంలో గురజాడ చదువుకుని, పాఠాలు కూడా చెప్పిన మహారాజా కాలేజీ అలాంటిదే.

సీనియర్ అన్న చెప్పిన రూల్ నీకు వర్తించకపోవచ్చు, ఇది బాగా గుర్తుపెట్టుకో. మన రాష్ట్రంలో డిగ్రీ పద్ధతి 2020-21లో ఒకసారి మారింది, 2023-24లో సింగిల్ మేజర్ (ఒక్కటే ముఖ్య సబ్జెక్టు) వచ్చి మళ్లీ మారింది. బీటెక్‌లో ఆర్20 (2020 రెగ్యులేషన్) బ్యాచ్ వేరు, ఆర్23 (2023ది) బ్యాచ్ వేరు. నువ్వు చేరిన ఏడాది ఏదో దానికి సంబంధించిన పీడీఎఫ్ యూనివర్సిటీ సైట్ నుంచి దించుకుని నాలుగు విషయాలు చూడు: అటెండెన్స్ ఎంత, పాస్ మార్కు ఎంత, పై ఏడాదికి వెళ్లాలంటే ఏం కావాలి, డిగ్రీ చేతికి రావాలంటే మొత్తం ఎన్ని క్రెడిట్లు.

జేఎన్టీయూ లెక్క ఉదాహరణకి తీసుకుందాం. ఇంటర్నల్ 30, ఎక్స్‌టర్నల్ 70. ఎక్స్‌టర్నల్‌లో 35 శాతం, అంటే 25 మార్కులు రావాలి, రెండూ కలిపి 40 రావాలి. చాలామంది 25 దాటితే పాస్ అనుకుంటారు. ఇంటర్నల్‌లో 11 వచ్చిందనుకో, ఎక్స్‌టర్నల్‌లో 27 తెచ్చుకున్నా మొత్తం 38, ఫెయిల్. అంటే ఇలా ఇంటర్నల్ 11 ఉన్న సబ్జెక్టుకి నీ పాస్ మార్కు 25 కాదు, 29. ఈ లెక్క ప్రతి సబ్జెక్టుకీ వేసుకుంటే ఏ పేపర్ ముందు చదవాలో నీకే తెలుస్తుంది. అలాగే రెండు మిడ్‌లలో ఎక్కువ వచ్చినదానికి 80 శాతం, తక్కువ వచ్చినదానికి 20 శాతం వెయిటేజ్ ఇస్తారు. మొదటి మిడ్‌లో 14 వచ్చి, రెండోదానిలో 24 వస్తే నీకు పడేది 19 కాదు, 22. మొదటి మిడ్ పోయిందని దిగులుపడి కూర్చునేవాళ్లకి ఈ సంగతి ఎవరైనా ముందే చెబితే ఎంత బాగుండునో అని నాకెప్పుడూ అనిపిస్తుంది.

పై ఏడాదికి వెళ్లడానికి ఆర్20, ఆర్23లో రెండు నుంచి మూడుకి, మూడు నుంచి నాలుగుకి 40 శాతం క్రెడిట్ల నిబంధన ఉంది. అటానమస్ అయితే మీ పుస్తకంలో ఎంత ఉందో చూసుకో. డిగ్రీలో యూజీసీ ఫ్రేమ్‌వర్క్ ప్రకారం మూడేళ్లకి కనీసం 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కి 160. మన దగ్గర మొదటి ఏడాది అయ్యాక కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, తర్వాత ఇంటర్న్‌షిప్‌లు పెట్టారు, వాటికీ క్రెడిట్లు ఉన్నాయి. ప్రాజెక్టు రిపోర్టు ఇవ్వకుండా వదిలేస్తే అది కూడా ఫెయిలైన పేపర్ లాంటిదే, చివర్లో ఆపేస్తుంది.

అటెండెన్స్ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మన వైపు పిల్లలు సగం మంది రోజూ బస్సుల్లో, ట్రెయిన్లలో వచ్చి వెళ్లేవాళ్లే. చీపురుపల్లి నుంచో, ఆమదాలవలస నుంచో వచ్చేసరికి మొదటి పీరియడ్ అయిపోతుంది. ఒక్క పీరియడే కదా అనుకుంటారు. రోజుకి ఏడు పీరియడ్లు, సెమిస్టర్‌కి 90 పనిదినాలు అనుకుని లెక్క వేద్దాం. రోజూ మొదటి పీరియడ్ పోతే, ఒక్క సెలవు పెట్టకపోయినా నువ్వు 86 శాతం దగ్గరే ఉంటావు. ఆ మీద జ్వరానికో, ఊళ్లో పెళ్లికో, అమ్మవారి సంబరానికో పదకొండు రోజులు మానేస్తే 75 దగ్గర అంచున ఉంటావు, పన్నెండో రోజు మానేస్తే కిందకి పోతావు. జేఎన్టీయూలో 65 నుంచి 75 మధ్య ఉంటే తగిన కారణం, మెడికల్ సర్టిఫికెట్ చూపించి ఫీజు కట్టి కండోనేషన్ (తగ్గిన అటెండెన్స్‌ని మన్నించడం) అడగొచ్చు. 65 కన్నా తగ్గితే డిటెయిన్, ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి కూడా 75 శాతం అటెండెన్స్ చూస్తారు. కాబట్టి బస్సు సమస్య ఉంటే మొదటి నెలలోనే మెంటర్‌కి చెప్పు, పాస్ కాపీ చూపించు. పిల్లలు ఎక్కువమంది ఒకే బస్సులో వస్తుంటే మెంటర్ ద్వారా డిపో మేనేజర్‌కి అర్జీ పెట్టి టైమ్ మార్చమని అడగొచ్చు.

మూడో పని: ఒక్క కాగితం రాసుకుని వెళ్లు

ఉత్త చేతులతో వెళితే ఆయన "బాగా చదువమ్మా" అంటారు, నువ్వు "సరే సార్" అని వచ్చేస్తావు. నోట్‌బుక్ నుంచి ఒక పేజీ చింపి, సెమిస్టర్ వారీగా సబ్జెక్టు, క్రెడిట్లు, వచ్చిన గ్రేడ్ రాయి. ఉండిపోయినవి ఎర్ర పెన్నుతో గుండ్రంగా చుట్టు. ఈ సెమ్ అటెండెన్స్ శాతం రాయి. కింద ఒక వాక్యం: నాకు ఈ డిగ్రీ అయ్యాక ఫలానాది చేయాలని ఉంది, లేదా ఇంకా తెలియదు. తెలియదు అని రాయడం కూడా మంచిదే, అక్కడి నుంచే మాట మొదలవుతుంది. మెమోల జిరాక్స్‌లు వెంట పెట్టుకో.

అలాగే డిజిలాకర్‌లో నీ అపార్ ఐడీ, విద్యార్థికి ఇచ్చే 12 అంకెల నంబర్, తెరిచి చూడు. అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో నీ క్రెడిట్లు పడ్డాయో లేదో అక్కడే కనబడుతుంది. టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటే ఇప్పుడే సరిచేయించుకో. చివరి ఏడాది మీద ఆ పని పెట్టుకుంటే మీసేవ చుట్టూ, ఎగ్జామ్ సెక్షన్ చుట్టూ తిరగడమే సరిపోతుంది.

నాలుగో పని: ఎప్పుడు వెళ్లాలి

పరీక్షల ముందు వారం వద్దు. ఆ టైమ్‌లో మెంటర్ ఇంటర్నల్ మార్కులు ఎక్కిస్తూ తల ఎత్తరు. సెమిస్టర్ మొదలైన రెండో వారమో మూడో వారమో ఒకసారి, మొదటి మిడ్ మార్కులు వచ్చిన వెంటనే ఒకసారి, రిజల్ట్ వచ్చిన రెండు రోజుల్లో ఒకసారి వెళ్లు. ఆ మూడోది అస్సలు ఆలస్యం చేయకు, రీవాల్యుయేషన్‌కి గడువు కొద్ది రోజులే ఉంటుంది. విజయనగరంలో చదివేవాళ్లయితే దసరా సెలవులు, ఆ వెంటనే సిరిమాను పండగ ఉంటాయి కాబట్టి ఆ పదిహేను రోజుల్లో ఎవరూ దొరకరు, పని ఏదైనా దానికి ముందే ముగించుకో. సాయంత్రం బస్సుకి పరుగెత్తాలి కనుక లంచ్ టైమ్ అడుగు.

ముందుగా మెసేజ్ పెట్టడం మంచిది. ఇలా రాయొచ్చు: "నమస్కారం మేడమ్. నేను రెండో ఏడాది బీఎస్సీ, రోల్ నంబర్ ఫలానా. నాకు రెండో సెమ్ ఫిజిక్స్ ఉండిపోయింది, ఈ సెమ్‌లో ఎలా ప్లాన్ చేసుకోవాలో మీతో ఓ పది నిమిషాలు మాట్లాడాలి. రేపు లంచ్ తర్వాత రావచ్చా మేడమ్?" ఇంతే. రాత్రి పదకొండుకి పెట్టకు, ఉత్త హాయ్ పెట్టి ఊరుకోకు.

ఐదో పని: గదిలోకి వెళ్లాక

భయం ఉంటుంది, నాకు తెలుసు. నేను డిగ్రీ రెండో ఏడాదిలో ఉన్నప్పుడు రెండు రోజులు స్టాఫ్ రూమ్ గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చేశాను, లోపల నలుగురు సార్లు కూర్చుని ఉన్నారని. మూడో రోజు వెళ్లేసరికి సప్లీ ఫీజు గడువు దాటిపోయింది. నీకూ అలాగే ఉంటే స్నేహితుణ్ని వెంట తీసుకెళ్లు, గుమ్మం దగ్గర నిలబెట్టు. ఇంగ్లిష్‌లో మాట్లాడాలని ఎక్కడా లేదు, మన యాసలో తెలుగులోనే చెప్పు. పేరు, క్లాసు, రోల్ నంబర్ చెప్పి, కాగితం ఆయన ముందు పెట్టు.

"సార్, నేనేం చేయాలి" అని అడిగితే జవాబు కూడా అంత వెడల్పుగానే వస్తుంది. "సార్, ఈ సెమ్‌లో ఆరు రెగ్యులర్ పేపర్లు, రెండు సప్లీలు ఉన్నాయి. రెండూ ఒకేసారి రాయనా, ఎక్కువ క్రెడిట్లది ముందు తీసేయనా" అని అడిగితే ఆయన పెన్ను తీసి లెక్క వేస్తారు. ఈ కింద ఉన్నవాటిలో నీకు సరిపోయేది అడుగు.

టీచర్ కావాలని ఉంటే తప్పక అడగాల్సింది ఒకటుంది. మన జిల్లాల్లో డీఎస్సీ కోసం చదివేవాళ్లు ఎంతమందో నీకు తెలుసు. బీఈడీలో ఏ మెథడాలజీ (ఎలా బోధించాలో నేర్చుకునే సబ్జెక్టు) వస్తుందో, తర్వాత ఏ స్కూల్ అసిస్టెంట్ పోస్టుకి అర్హత ఉంటుందో నువ్వు డిగ్రీలో చదివిన సబ్జెక్టుల మీద ఆధారపడుతుంది. స్నేహితులు తీసుకున్నారని ఏదో మైనర్ (మేజర్ పక్కన తీసుకునే సబ్జెక్టు) తీసుకుని, మూడేళ్ల తర్వాత ఎడ్‌సెట్ అప్లికేషన్ ముందు కూర్చుని బాధపడినవాళ్లను చూశాను. మైనర్ ఎంచుకునే ముందే "సార్, ఈ కాంబినేషన్‌తో బీఈడీలో నాకు ఏ మెథడాలజీ వస్తుంది" అని అడుగు.

తెల్లవారుజామున గ్రౌండ్‌లో పరుగెత్తి ఆర్మీకో, కానిస్టేబుల్‌కో ప్రిపేర్ అవుతున్న తమ్ముళ్లు ఆ విషయం మెంటర్ దగ్గర దాచిపెడతారు, తిడతారేమోనని. చెప్పు. ఈవెంట్స్ తేదీలు, పరీక్ష తేదీలు ముందే తెలిస్తే అటెండెన్స్ ఎక్కడ కాపాడుకోవాలో ఇద్దరూ కలిసి చూసుకోవచ్చు. సెలక్షన్ రాకపోతే డిగ్రీ అయినా చేతిలో ఉండాలి కదా.

స్వయం, ఎన్‌పీటెల్ ఆన్‌లైన్ కోర్సుల గురించి అడిగేటప్పుడు ఒకటి చూసుకో. చేరడం ఉచితం, పరీక్షకి ఫీజు. ఎన్‌పీటెల్‌లో అసైన్‌మెంట్లకి 25, పరీక్షకి 75, అసైన్‌మెంట్లలో కనీసం 10, పరీక్షలో కనీసం 30 రావాలి. అయితే ఆ కోర్సు క్రెడిట్లు మీ డిగ్రీలో కలుస్తాయా లేదా అన్నది మీ కాలేజీ, యూనివర్సిటీ ఒప్పుకోవాలి. ఫీజు కట్టే ముందే కోర్సు పేరు, ఎన్ని వారాలది అన్నది రాసి, హెచ్ఓడీ సంతకం తీసుకో.

నాలుగో ఏడాది ఆనర్స్ చదవాలా, మూడేళ్లకి ఆపి పీజీకి వెళ్లాలా అన్నది ఇంకో పెద్ద ప్రశ్న. యూజీసీ నిబంధనల్లో రిసెర్చ్‌తో ఆనర్స్‌కి మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం అడుగుతారు. నా అభిప్రాయం ఏమిటంటే, ఇంట్లో డబ్బు అవసరం ఉంటే, పీజీ మీద నీకు స్పష్టత ఉంటే మూడేళ్లకే వెళ్లడం మేలు. రిసెర్చ్ వైపు మనసుంటే నాలుగో ఏడాది దండగ కాదు. ఇద్దరు లెక్చరర్లని అడిగి చూడు, వేరే మాట చెప్పినా విను.

ఇక ఇంటి సంగతులు. నాన్న చెన్నైలోనో, హైదరాబాద్‌లోనో పనికి వెళ్లి ఉంటారు, అమ్మ ఉపాధి పనికి వెళుతుంది, ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషివి నువ్వే. కోతలప్పుడు వారం రోజులు కాలేజీకి రాలేకపోతావు. లేకపోతే రెండో ఏడాదిలోనే పెళ్లి సంబంధం మాట వస్తుంది, చదువు ఆపేయమంటారు. ఇవి చెప్పుకోవడానికి గది నిండా జనం ఉంటే "మేడమ్, మీతో విడిగా మాట్లాడాలి" అను. మెంటర్ ఒక్క ఫోన్ చేసి "అమ్మాయి బాగా చదువుతోందండీ, ఇంకో ఏడాదిన్నర ఓపిక పట్టండి" అని చెబితే ఆగిన పెళ్లిళ్లు నాకు తెలుసు. రిజిస్టర్‌లో నాన్న నంబర్ రాయించుకునేది ఇలాంటి ఫోన్ల కోసం కూడా.

ఆరో పని: బయటికి రాగానే రాసుకో

కారిడార్‌లోనే నిలబడి ఆయన చెప్పిన మూడు ముక్కలు అదే కాగితం వెనక రాయి, తేదీ వెయ్యి. సాయంత్రం చిన్న మెసేజ్ పెట్టు: "థాంక్యూ సార్, మీరు చెప్పినట్టు ఈ నెలలో ఫిజిక్స్ సప్లీ ఫీజు కడతాను, మిడ్ అయ్యాక మళ్లీ వస్తాను." ఇది ఆయనకీ గుర్తుంటుంది, నీకూ రుజువుగా ఉంటుంది. చెప్పిన తేదీకి నిజంగా వెళ్లు. రెండోసారి వచ్చిన పిల్లల పేర్లు మాకు రిజిస్టర్ చూడకుండానే గుర్తుంటాయి.

ఆయన వినకపోతే

అలాంటివాళ్లూ ఉంటారు. ఖాళీ లేదంటారు, విసుక్కుంటారు. నీకు పాఠం బాగా చెప్పే ఇంకో లెక్చరర్ దగ్గరికి వెళ్లు, మెంటర్ లిస్టులో పేరు లేకపోయినా పరవాలేదు. మార్కుల్లో, అటెండెన్స్‌లో అన్యాయం జరిగిందనిపిస్తే నోటిమాటగా కాకుండా కాగితం మీద హెచ్ఓడీకి, తర్వాత ప్రిన్సిపాల్‌కి ఇవ్వు, రెండో కాపీ మీద అందినట్టు సంతకం, తేదీ తీసుకో. యూజీసీ 2023 నిబంధనల ప్రకారం విద్యార్థుల ఫిర్యాదులకి కమిటీ ఉండాలి, దాని పైన యూనివర్సిటీలో ఫిర్యాదులు వినే అంబుడ్స్‌పర్సన్ ఉండాలి. ఎవరైనా చెడుగా ప్రవర్తిస్తే మాత్రం మెంటర్ కోసం ఆగొద్దు చెల్లెమ్మా, కాలేజీ ఇంటర్నల్ కమిటీకి రాయి, ఇంట్లో చెప్పు. ర్యాగింగ్ అయితే 1800-180-5522. నిద్ర పట్టక, బతకాలనిపించక మనసు బరువుగా ఉంటే టెలీమానస్ 14416కి ఏ వేళైనా చెయ్యి, తెలుగులో మాట్లాడతారు, డబ్బు పడదు.

ఫైనలియర్ వాళ్లు ఆఖరి సెమ్ మొదట్లోనే ఒకసారి అన్ని మెమోలూ మెంటర్ ముందు పరిచి, మొదటి సెమ్ నుంచి ఒక్కో పేపర్, ఒక్కో ప్రాజెక్టు, ఒక్కో ఇంటర్న్‌షిప్ టిక్ పెట్టించుకోండి. అరగంట పడుతుంది. ఉండిపోయింది ఏదైనా కనబడితే ఆ సెమ్‌లోనే సప్లీ ఫీజు కట్టడానికి టైమ్ ఉంటుంది. పాలకొండ అమ్మాయి తర్వాతి ఏడాది మళ్లీ ఎంట్రన్స్ రాసి పీజీలో చేరింది. వాళ్ల చెల్లెలు ఇప్పుడు మా కాలేజీలోనే రెండో సెమ్‌లో ఉంది. మొన్న లంచ్ టైమ్‌లో ఆ పిల్ల ఒక కాగితం పట్టుకుని వచ్చింది, ఎర్ర పెన్నుతో చుట్టిన సున్నా ఒకటి ఉంది దాని మీద.